ఆ మ్యూజియాన్ని మూయకండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మన ఊరి ప్రకృతి చరిత్ర మ్యూజియం గురించి పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. ‘సందర్శకుల ఆదరణ లేదు, ఆ హాలును వేరే అవసరాలకు వాడుకునే ఆలోచన ఉంది’ అని ఓ అధికారి చెప్పినట్టు రాశారు. వేరే అవసరాలంటే ఏమిటో ఊళ్లో అందరికీ తెలుసు. పాత ఫైళ్లు, విరిగిన కుర్చీలు, ఎక్కడా చోటు దొరకని అట్టపెట్టెలు. జనం ఎందుకు రావడం లేదని మీ విలేకరి ఆ అధికారిని ఒక్క మాట అడిగి ఉండాల్సింది. అడగలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

తలుపు తెరిచి ఉంటే కదా జనం వచ్చేది! బోర్డు మీద పది నుంచి ఐదు వరకు అని ఉంటుంది. పదకొండుకు వెళ్లినా తాళమే. అడిగితే ‘కీ సారు దగ్గరుంది, సారు మీటింగుకు పోయినాడు’ అంటారు. ఆదివారం సెలవు, రెండో శనివారం సెలవు, పండగలకు సెలవు. బడికి సెలవున్న రోజల్లా మ్యూజియానికీ సెలవే అయితే పిల్లలు ఎప్పుడు రావాలి? ఎండాకాలం సెలవుల్లో మనవరాలిని తీసుకుని వెళ్లాను. ఆ రోజు తెరిచే ఉంది. అటెండరు లైట్లు వేస్తూ ‘ఏముంది మా చూసేదానికి, తొందరగా చూసేసి రాండి’ అన్నాడు. అతన్ని నేనేమీ అనను. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, ఏ నెల జీతం ఏ నెలలో వస్తుందో అతనికే తెలియదు. ఆ హాలుకు బాధ్యులైన పెద్దలు అక్కడికి వచ్చి ఎన్నాళ్లయిందో, నా కోపమంతా దాని మీదే.

లోపల పునుగు పిల్లి ఉంది. నిజమైన జంతువు చర్మంలో పీచు కూరి చెక్క పలక మీద నిలబెట్టారు. ఎడమ చెవిని పురుగు తినేసింది. పొట్ట కింద కుట్లు ఊడిపోయి లోపలి పీచు వేలాడుతోంది. ముందున్న చీటీ మీద ‘ముంగిస’ అని రాసి ఉంది. శుక్రవారం అభిషేకం అయ్యాక శ్రీవారికి పునుగు తైలం పూస్తారని మన దగ్గర తెలియనివాళ్లెవరు? అలాంటి జంతువుకు మన ఊళ్లోనే పేరు తప్పు రాశారు. నా మనవరాలు ‘ముంగిస ఇంత పెద్దగా ఉంటుందా అవ్వా?’ అని అడిగింది. జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి సరిదిద్దగలిగాను. మిగతా పిల్లలు ఆ తప్పునే నేర్చుకుని వెళ్తారు.

పక్క బీరువాలో పాముల సీసాలు. ఒకదానిలో, పాము కుళ్లిపోకుండా పోసిన ఫార్మాలిన్ ద్రవం సగానికి సగం ఆవిరైపోయింది. మునిగి ఉన్న భాగం పాలిపోయింది. పైకి తేలిన భాగం ఎండి, పొలుసులు రాలి సీసా గోడకు అంటుకున్నాయి. మూత బిగువు చూసి, ఏడాదికోసారి ద్రవం నింపితే ఈ గతి పట్టదు. ఏ డిగ్రీ కాలేజీ ల్యాబ్ అటెండరును అడిగినా ఈ మాట చెబుతాడు. పక్షుల బీరువా కిటికీ ఎదురుగా పెట్టారు. మధ్యాహ్నం ఎండంతా వాటి మీదే. పాలపిట్ట రెక్కలో నీలం పోయి బూడిద రంగు మిగిలింది. కిటికీకి ఓ పరదా కట్టడానికి ఏ ఫైలు కదలాలి? ఎవరి సంతకం కావాలి?

ఇవి పోతే మళ్లీ రావు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఎవరంటే వాళ్లు నక్కనో, చిరుతనో పట్టుకొచ్చి కూరి పెట్టే వీలు లేదు. ఆ చట్టం మంచిదే. అందుకే పాత నమూనాలను కంటికి రెప్పలా చూసుకోవాలి.

గోడ మీద మాత్రం కొత్త ఫ్లెక్సీ ఉంది. జిరాఫీ, పెంగ్విన్, ధ్రువపు ఎలుగుబంటి! మన కొండల్లో చూపించడానికి ఏమీ లేనట్టు. శేషాచలాన్ని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. 1870లో బెడ్డోమ్ అనే ఇంగ్లీషు దొర లోకానికి పరిచయం చేసిన బంగారు బల్లి ఇప్పటికీ తిరుమల కొండల రాతి నెరియల్లో తిరుగుతోంది. ఆయన పేరే పెట్టిన సైకస్ బెడ్డోమి చెట్టు ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప సహజంగా ఎక్కడా పెరగదు. తిరుమల ఘాట్ రోడ్డులో పైనా కిందా కనిపించే రెండు రాతి పొరల వయసుల మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల ఎడం ఉంది. బస్సులో ఆ మలుపు దాటిపోయే వేలమందిలో ఎంతమందికి ఇది తెలుసు? ఎర్రచందనం అంటే మన పిల్లలకు తెలిసింది పోలీసులు పట్టుకున్న దుంగల ఫొటోలే. దాని ఆకు ఎలా ఉంటుంది, బిళ్లలా గుండ్రంగా ఉండే కాయ ఎలా ఉంటుంది, ఎవరూ చూపించరు. మ్యూజియంలో ఉండాల్సిన ఎర్రచందనం ముక్కను కూడా భద్రత కోసమని ఆఫీసు గదిలో పెట్టి తాళం వేశారట.

ఇవన్నీ తీరిక ఉన్నవాళ్ల ముచ్చట్లు అనుకుంటే పొరపాటు. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు మన వైపు వచ్చాయి. వాటి కోసమే కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. పలమనేరు, కుప్పం రైతులు ఈనాటికీ పంట దగ్గర రాత్రుళ్లు కాపలా కాస్తున్నారు. 2023 ఆగస్టులో అలిపిరి నడక దారిలో చిరుత ఓ పసిబిడ్డను పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత భక్తుల చేతికి కర్రలిచ్చారు. చిరుత ఏ వేళల్లో తిరుగుతుంది, కుక్కలు, చెత్త ఉన్న చోటికి ఎందుకు వస్తుంది, ఎదురుపడితే ఎందుకు పరుగెత్తకూడదు? ఈ సంగతులు బొమ్మలతో చెప్పడానికి ఇంతకంటే తగిన చోటు ఎక్కడుంది? మామూలు మనిషికి అడవి గురించి తెలిస్తే ఎంత మేలో మన పక్క జిల్లాలోనే చూశాం. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి అనే అడవి పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాన్ని పట్టి శాస్త్రవేత్తలకు చూపించింది ఊళ్లో పిట్టలు పట్టుకునే మనిషే.

బడుల సంగతి చెప్పుకుంటే ఇంకా బాధ. ‘ఎడ్యుకేషనల్ టూర్’ అని డబ్బులు కట్టించుకుని పిల్లలను చెన్నై వాటర్ పార్కులకు తీసుకుపోతారు. అదే చెన్నైలో ఎగ్మూరు మ్యూజియం ఉంది, 1851 నుంచి నడుస్తోంది. అక్కడ తిమింగలం ఎముకల గూడు కింద నిలబడిన పిల్ల దాన్ని జన్మలో మరిచిపోదు. మైసూరులో కారంజి చెరువు పక్కన 1995లో ప్రకృతి చరిత్ర మ్యూజియం పెట్టారు, కుటుంబాలు కుటుంబాలే వెళ్తాయి. ఇంటర్‌లో బైపీసీ చదివే పిల్లలకు కప్పకు, గోదురుకప్పకు తేడా తెలియని రోజులివి. ప్రాక్టికల్ మార్కులు మాత్రం ముప్పైకి ముప్పై.

ఇంకో భయం కూడా ఉంది. ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం 2016 ఏప్రిల్ 26న అగ్నిప్రమాదంలో తగలబడిపోయింది. 1978 నుంచి కూడబెట్టినదంతా ఒక్క రాత్రిలో నాశనమైంది. మన హాల్లో ఎండిన చర్మాలు, పీచు, చెక్క, పాత వైరింగు. తలుపు పక్కన వేలాడుతున్న అగ్నిమాపక సిలిండరు గడువు దాటిపోయిందని దాని మీది చీటీయే చెబుతోంది.

ఈ సంగతులన్నీ రాసి సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాను. కొన్నాళ్లకు ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. వెళ్లి చూస్తే పునుగు పిల్లి ముందు ముంగిస చీటీ అలాగే ఉంది.

అధికారులకు నా విన్నపం. ఆదివారం తెరిచి, దానికి బదులు మంగళవారం సెలవు పెట్టండి. చీటీలు తెలుగులో, తప్పుల్లేకుండా రాయించండి. నాలాంటి రిటైర్డ్ లెక్చరర్లు, టీచర్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. జీతం అడగం, వారానికో పూట వచ్చి పిల్లలకు చెబుతాం. ఆ సీసాల్లో ద్రవం నింపడానికి నాకు అనుమతి కాగితం ఒక్కటి ఇప్పించండి, ఖర్చు నేనే పెట్టుకుంటాను.

— ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్, చిత్తూరు