మోకాళ్ళూ క్షేమమే

విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి చిన్నాకు, మీ అమ్మ దీవించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మోకాళ్ళూ క్షేమమే.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. డిసెంబరులో నేను దిగిన ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు పందెం సంగతి ఎత్తితే, ఫోన్లో నువ్వు నన్ను మాట పూర్తి చెయ్యనివ్వవు. "ఈ వయసులో అవసరమా అమ్మా" దగ్గర మొదలుపెట్టి "మెడల్ వచ్చేసింది కదా, ఇంక చాలించు" దగ్గర పెట్టేస్తావు. ముప్ఫయ్యేళ్ళు పిల్లలచేత వ్యాసాలు రాయించినదాన్ని, నా వంతు వచ్చేసరికి నీకో బొటనవేలు బొమ్మ పంపి ఊరుకోలేను.

ముందు మోకాళ్ళ సంగతి తేల్చేద్దాం. పరిగెత్తితే కీళ్ళు అరిగిపోతాయని నువ్వన్నావు, మీ అత్త అంది, మన కింద వాటా ఆవిడా అంది. 2017లో ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి చూసిన సమీక్ష ఒకటి వచ్చింది. సరదాకి పరిగెత్తేవాళ్ళలో మోకాలి, తుంటి కీళ్ళు అరిగినవాళ్ళు నూటికి 3.5 మంది. అసలు పరిగెత్తకుండా కూర్చునేవాళ్ళలో 10.2. పోటీల కోసమే బతికేవాళ్ళలో మాత్రం 13.3. కీళ్ళు బాగున్నవాళ్ళే పరుగుకి దిగుతారు కాబట్టి లెక్క అలా వచ్చిందేమో అని నాకూ అనుమానమే. కానీ నేను పోటీలకి పోయే బాపతు కాదని నీకు తెలుసు. నాకు పట్టిన సమయం రెండు గంటల యాభై నాలుగు నిమిషాలు. ఇథియోపియా అమ్మాయి లెటెసెన్‌బెట్ గిడే 2021లో వాలెన్సియాలో ఈ ఇరవై ఒక్క కిలోమీటర్లూ గంటా రెండు నిమిషాల యాభై రెండు సెకన్లలో లాగించేసింది. నేను ఒకసారి ముగించే లోపు ఆ పిల్ల రెండుసార్లు పరిగెత్తి, తలస్నానం చేసి, టిఫిను కూడా కానిచ్చేది.

2020 అక్టోబరులో వాయుగుండానికి బంగ్లాదేశ్ ఓడ ఒకటి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చింది, గుర్తుందా? నువ్వు ఇంటి నుంచే పని చేస్తున్నావు అప్పుడు. ఇద్దరం చూడ్డానికి వెళ్ళాం. జోడుగుళ్ళపాలెం దగ్గర బండి ఆపి ఆ ఎత్తు నడిచి ఎక్కుతుంటే నేను రెండుసార్లు ఆగాను. రెండోసారి ఫొటో తీసుకుంటున్నట్టు నటించాను. నువ్వు కనిపెట్టలేదు. ఇదంతా మొదలైంది అక్కడే.

మొదట్లో రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఆర్కే బీచ్ దగ్గర తెల్లారగట్ల బళ్ళు రానివ్వరు కదా, కురుసురా జలాంతర్గామి దగ్గర మొదలుపెట్టి కొంత దూరం వెళ్ళి తిరిగి రావడం. ఎంత వేగం మంచిదో తెలుసుకోడానికి పక్కవాళ్ళతో మాట్లాడగలిగే వేగమే మంచిది అంటారు. నా పక్కన ఎవరూ లేరు. మీ నాన్న అప్పటికి రెండో నిద్రలో ఉంటారు. అందుకని పద్యాలు పెట్టుకున్నాను. సీసపద్యం ఒక్కో పాదం ఊపిరి తెగకుండా వస్తే వేగం సరిపోయినట్టు. కందానికే రొప్పు వస్తే తగ్గించాలి. చేతికి గడియారం కట్టుకుని గుండె లెక్క చూసుకునే కుర్రాళ్ళు ఈ పద్ధతి విని నవ్వారు గానీ, నాకింతవరకు తప్పలేదు. తప్పిన రెండుసార్లూ నేనే తప్పించాను.

మొదటిది సెప్టెంబరులో. ఒకేసారి ఎనిమిది కిలోమీటర్ల నుంచి పన్నెండుకి పోయాను, ఒంట్లో హుషారుగా ఉంది కదా అని. మర్నాడు ముంగాలి ఎముక వెంట ఒకటే సలుపు. మూడు వారాలు ఇంట్లో కూర్చున్నాను. ఆ మూడు వారాలూ నీతో ఫోన్లో "రోజూ వెళ్తున్నాన్రా" అన్నది అబద్ధం. ఇప్పుడు చెప్తున్నాను కదా, వదిలెయ్.

రెండోది పందెం రోజునే. డిసెంబరు అయినా మన ఊరి గాలి తడిబట్టే. ఇంకా చీకటిగానే ఉంది. ఛాతీ మీద నంబరు కాగితం పెట్టుకోడానికి వాళ్ళిచ్చిన పిన్నీసులు ఎటో పోయాయి. నా సంచిలో పిన్నీసులకి కరువా! చీర కుచ్చిళ్ళకి పెట్టేవి నాలుగు తీసి నాకు పెట్టుకుని, పక్కనున్న పిల్లకి నాలుగిచ్చాను. ఆ పిల్లా, దాని స్నేహితులూ కబుర్లు చెప్తూ పరిగెడుతుంటే వాళ్ళతో కలిసిపోయాను. తెన్నేటి పార్కు ఎత్తు కూడా వాళ్ళతోనే, ఎక్కడా ఆగకుండా ఎక్కేశాను. పద్యం ఊసే లేదు. పైకెళ్ళి ఆ ఓడ ఆగిన చోటు చూసి గర్వపడ్డాను కూడా.

గర్వం తిరుగు ప్రయాణంలో దిగింది. సాగర్ నగర్ వైపు నుంచి మళ్ళీ అదే ఎత్తు, తర్వాత దిగుడు. పదహారో కిలోమీటరు, జోడుగుళ్ళపాలెం. కుడి పిక్క ఒక్కసారిగా రాయిలా బిగుసుకుపోయింది. కుంటుకుంటూ పక్కకొచ్చి గోడ పట్టుకున్నాను. అప్పుడొచ్చింది ఒకావిడ, నెత్తి మీద చేపల గంప, నోట్లో చుట్ట, నా ఈడే ఉంటుంది.

"ఏటమ్మా, బస్సు గాని తప్పిపోనాదేటి?"

"లేదమ్మా, పరుగు పందెం."

"మరి పరిగెట్టవేటి?"

ఏం చెప్పను! పిక్క పట్టేసిందన్నాను. గంప దించకుండానే, నా మడమ నేలకి నొక్కిపెట్టి మోకాలు ముందుకి వంచమంది, అలాగే చేశాను. రెండు నిమిషాలకి వదిలింది. నడవడం మొదలుపెడితే ఆవిడా నాతో పాటే నడిచింది. సరిగ్గా చెప్పాలంటే నేనే ఆవిడతో నడవడానికి అవస్థ పడ్డాను. గంప కింద నీళ్ళు కారి భుజం తడుస్తోంది, మెడ మాత్రం కదలట్లేదు.

"గెలిస్తే ఏటిస్తారు?"

"బిళ్ళ ఇస్తారు. గెలవకపోయినా ఇస్తారు."

"ఊరికేనా?"

"మనమే డబ్బు కట్టాలి."

ఆవిడ నవ్విన నవ్వుకి గంపలో చేపలు జారిపోతాయేమో అనుకున్నాను. సందు మలుపులో "ఎల్లొస్తానమ్మా, బిళ్ళ జాగర్త" అని లోపలికి తిరిగింది. ఆ తర్వాత నేను పరిగెత్తింది తక్కువ, నడిచింది ఎక్కువ. ఈ మాట కూడా నీకు చెప్పలేదు, "మా అమ్మ ఇరవై ఒకటి పరిగెత్తింది" అని నువ్వు ఆఫీసంతా చెప్పావని విన్నాను కనుక.

ఇంక పందెం అయ్యాక తీసిన ఆ ఫొటో. ఏడుస్తున్నావెందుకని అడిగావు. నుదుటి మీద రాసుకున్న క్రీమూ చెమటా కలిసి కళ్ళలోకి దిగాయి, అదొకటి. మీ నాన్న, నేను రెండు గంటల్లోనే వచ్చేస్తాననుకుని ఫ్లాస్కుతో గీత దగ్గర నిలబడి, విసుగొచ్చి నేను నిజంగా వచ్చే వేళకి ఉప్మా లైన్లో ఉన్నారు, అదొకటి.

ఇంకొకటి ఉంది. 1984లో నేను ఏడో తరగతి. లాస్ ఏంజలిస్‌లో పి.టి. ఉషకి సెకనులో నూరో వంతు తేడాతో కంచు పతకం పోయిందని మా తాతయ్య పేపరు చదివి వినిపిస్తే ఇల్లంతా బాధపడ్డాం. ఆడవాళ్ళకి ఒలింపిక్స్‌లో మారథాన్ పెట్టడం కూడా అప్పుడే మొదలట, అది మాకెవరూ చెప్పలేదు. మర్నాడు బడి మైదానం చుట్టూ నేనూ ఇంకో ఇద్దరం ఉషలా పరిగెత్తాం. నాలుగు చుట్లయ్యాక డ్రిల్లు మాస్టారు పిలిచి, పెద్దపిల్లలయ్యారు, టెన్నికాయిట్ ఆడుకోండి అన్నారు. మంచాయనే. తిట్టలేదు కూడా. మేం రింగు తీసుకుని వెళ్ళిపోయాం.

ఆ రోజు పొద్దున్న దాదాపు మూడు గంటల సేపు నన్ను ఎవరూ ఏమీ అడగలేదురా, ఆ చేపలావిడ తప్ప. కూరలో ఉప్పు లేదనలేదు, తాళాలెక్కడ అనలేదు. గీత దాటాక ఒక కుర్రాడు మెళ్ళో బిళ్ళ వేసి "అమ్మా, నీళ్ళు కావాలా?" అన్నాడు. అంతే. అప్పుడు తీసింది ఆ ఫొటో.

చాలించను కానీ, వచ్చే ఏడాది దాకా పది కిలోమీటర్లు దాటనని మాటిస్తున్నాను. కుడి బొటనవేలి గోరు నల్లబడింది, పాదం ఉబ్బేసరికి బూటు బిగిసింది. సంక్రాంతికొచ్చేటప్పుడు కొత్త జత తీసుకురా. ఏడో నంబరు కాదు, ఏడున్నర. రంగు నీ ఇష్టం, గులాబీ మాత్రం వద్దు.

నీ బూట్లు కూడా తెచ్చుకో. కనుమ నాడు పొద్దున్నే ఐదింటికి కురుసురా దగ్గర మొదలుపెడదాం. సీసం నీకెలాగూ రాదు, పదో తరగతిలో నిన్ను ఎన్నిసార్లు నిలబెట్టానో నాకు గుర్తే. ఒక కందం అయినా నేర్చుకుని రా.

మీ అమ్మ