తాడు కొస ఎవరి చేతిలో ఉంది?

పరవాడ
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావు? షిఫ్ట్ ఇంచార్జివి అయినందుకు పార్టీ ఇస్తానన్నావు, నెల దాటింది, ఊసే లేదు. మొన్న ఫోన్లో మాత్రం "సేఫ్టీ చట్టం మీద ట్రైనింగ్ పెట్టార్రా, మూడు గంటలు కునుకు తీశాను, అందులో ఏముందో రెండు ముక్కల్లో చెప్పు" అన్నావు. రెండు ముక్కల్లో తేలేదైతే వాట్సాప్‌లోనే కొట్టేసేవాణ్ణి. కూర్చుని రాస్తున్నాను, నువ్వూ కూర్చుని చదువు.

ముందు నా ఘనకార్యం ఒకటి చెప్తాను. ఇప్పుడున్న కంపెనీ కాదులే, పాతచోటు. నైట్ షిఫ్ట్. రియాక్టర్ (రసాయనాలు కలిపే పెద్ద ట్యాంకు) కడగడానికి లోపలికి మనిషిని దింపాలి. దింపడానికి అనుమతి రాసే పర్మిట్ బుక్ తెచ్చి నా ముందు పెట్టారు. ఆక్సిజన్ గడిలో 20.9 శాతం అని, అంటే మామూలు గాలిలో ఉన్నంత అని, అప్పటికే రాసుంది. సంతకం గీకేసి టీకి లేవబోతూ, ఎందుకో "మీటరేదీ?" అన్నాను. మీటరు చార్జింగ్‌లో ఉంది. సాయంత్రం నుంచీ అక్కడే ఉందట. ముందురోజు పర్మిట్ చూసి అంకె దించేశారు. మీటరు తెప్పించి పెడితే 14 చూపించింది. 19.5 కంటే కాస్త తగ్గినా మనిషిని దింపకూడదు. నైట్రోజన్ వాల్వు సరిగ్గా మూసుకోలేదన్నమాట, ఆ వాయువు లోపల చేరి ఆక్సిజన్‌ని తోసేసింది. దానికి వాసనుండదు, రంగుండదు, దగ్గు కూడా రాదు. మనిషి ఉన్నపళంగా కూలిపోతాడు. దిగాల్సిన కుర్రాడు అప్పటికే ఒక కాలికి గమ్‌బూటు తొడుక్కున్నాడు. రెండోది చేతిలో పట్టుకుని మా మొహాలు చూస్తున్నాడు.

ఆ వీకాఫ్‌కి మొదటిసారి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తెరిచాను. 36వ సెక్షన్ చదివితే ఒళ్లు జలదరించింది. విషవాయువులు ఉండే ట్యాంకులోకి దింపేముందు పరీక్ష చేసి, దిగొచ్చని అర్హత ఉన్నవాడు రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి. అది లేకపోతే దిగేవాడికి శ్వాస పరికరం ఉండాలి, నడుముకి బెల్టు, బెల్టుకి తాడు, ఆ తాడు కొస బయట నిలబడ్డ ఇంకో మనిషి చేతిలో ఉండాలి. చూశావా, తాడు కొసను కూడా వదల్లేదు! ఎందుకో నీకు తెలుసు. ఒకడు పడిపోగానే "అరే" అంటూ రెండోవాడు దూకుతాడు, వాణ్ణి లాగబోయి మూడోవాడు. మ్యాన్‌హోళ్ల దగ్గర జరిగేది ఇదేగా. తాడుంటే బయటినుంచే లాగొచ్చు. ఆ పక్క సెక్షన్లో లోపలికి తీసుకెళ్లే లైటు 24 వోల్టులు మించకూడదని ఉంది. మేమైతే మామూలు హోల్డర్‌కి వైరు చుట్టి దింపేవాళ్లం.

ఇంకో సంగతి. మన గేటు దగ్గర బోర్డులుంటాయి కదా, "మీ కుటుంబం మీకోసం ఎదురుచూస్తోంది" అని. అవి చూస్తే జాగ్రత్తంతా కార్మికుడిదే అనిపిస్తుంది. చట్టం చదివితే బరువంతా యాజమాన్యం పక్కన ఉంది. ఆక్యుపయర్ అని, అంటే ఫ్యాక్టరీ మీద చివరి పెత్తనం ఉన్నవాడు, ఒకాయన ఉండాలి, కంపెనీ అయితే ఒక డైరెక్టరు. మెషీన్లు, శిక్షణ, పర్యవేక్షణ, దారులు అన్నీ వీలైనంతమేరకు భద్రంగా ఉంచడం ఆయన బాధ్యత. (ఆ "వీలైనంతమేరకు" మీదే లాయర్లు ఇళ్లు కట్టుకుంటారు.) కాంట్రాక్టర్ తెచ్చిన మనిషి కూడా చట్టం లెక్కలో కార్మికుడే. ఆ గమ్‌బూటు కుర్రాడు కాంట్రాక్ట్ మనిషే, అందుకే చెప్తున్నా. మన వంతూ లేకపోలేదు. మెషీన్‌కున్న రక్షణ మూత (గార్డు) పీకేసి నడిపితే అది మన తప్పే.

యాజమాన్యం బాధ్యతని విడమర్చి రాసింది 1948లో కాదు, 1984 డిసెంబర్లో భోపాల్ అయ్యాక, 1987 సవరణలో. ప్రమాదకర రసాయనాల గురించి కార్మికులకి చెప్పడం, ఆ పనిచేసేవాళ్లకి ఏడాదికోసారైనా వైద్య పరీక్ష, ముప్పు ముంచుకొస్తోందనిపిస్తే హెచ్చరించే హక్కు అప్పుడొచ్చినవే. మన వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం లీకైనప్పుడు ఊళ్లోవాళ్లకి ఆ పేరే తెలియదు, గుర్తుందా?

ఈ పాత చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి కొత్త కోడ్ వచ్చింది. భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితులది, 2020లో పార్లమెంటు చేసినది. మా దగ్గర అందరి నోటా ఇంకా పాత చట్టం పేరే. కొత్తదాంట్లో నాకు నచ్చినవి: అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చి తీరాలి. నిబంధన మీరి మనిషి పోతే రెండేళ్ల దాకా జైలు గానీ, 5 లక్షలకు తగ్గని జరిమానా గానీ, రెండూ గానీ. ఆ జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇమ్మని కోర్టు చెప్పొచ్చు. నచ్చనిది: కరెంటుతో నడిచేచోట ఇదివరకు 10 మంది ఉంటే ఫ్యాక్టరీ, ఇప్పుడు 20 కావాలట. వేళ్లు పోయేది ఎక్కువగా ఆ చిన్న షెడ్లలోనే కదరా!

ఒక కిటుకు నీకూ ఎదురవుతుంది. దెబ్బ తగిలి 48 గంటలు గానీ అంతకు మించి గానీ పనికి రాలేకపోతే ఇన్‌స్పెక్టర్‌కి తెలియజేయాలని పాత చట్టంలో ఉంది. అందుకని రెండోరోజే కట్టుతో సహా మనిషిని కారులో తెచ్చి ఆఫీసులో కూర్చోబెట్టి టీ ఇస్తారు. డ్యూటీలో ఉన్నట్టే! నేను కళ్లారా చూశాను. నీ చేత ఆ హాజరు వేయించబోతే వెయ్యకు.

రేపు డ్యూటీకి వెళ్లగానే స్టోర్‌లో గ్యాస్ మీటర్ తీసి చూడు. క్యాలిబ్రేషన్ (మీటరు సరిగ్గా చూపిస్తోందో లేదో సరిచూడటం) స్టిక్కర్ మీద తేదీ ఎప్పటిదో నాకు ఫోన్ చేసి చెప్పు. తాడు అసలుందో లేదో కూడా చూడు. మా దగ్గర దాంతో అప్పట్లో డ్రమ్ములు కట్టేవాళ్లు.

చెల్లాయిని అడిగానని చెప్పు. ఈసారి అమ్మ పట్టిన ఆవకాయ రెండు సీసాలు పక్కన పెట్టాను, పార్టీ ఇచ్చాకే ఇస్తాను.

నీ పాత రూమ్మేట్