బహుపదులు వచ్చిన పిల్లవాడికి ఇంకా నాలుగు మార్కులేనా? విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. శ్రీకాకుళం జిల్లా తీరంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి గత ఏడాది రిటైరయ్యాను. పిల్లవాడు తర్వాత నేర్చుకున్నా పాత పరీక్ష మార్కు మార్చే వీలు లేకపోవడం మీద సర్వీసులో ఉండగా రెండుసార్లు, తర్వాత సోమవారం గ్రీవెన్సులో ఒకసారి అర్జీ పెట్టుకున్నాను. మూడోదానికి మాత్రం ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, అర్జీ పరిష్కారమైందని. నన్నెవరూ పిలవలేదు, ఒక్క మాట అడగలేదు. అందుకే ఇలా రాస్తున్నాను.

ఎఫ్‌ఏలు (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షలు), ఎస్‌ఏలు (టర్ము చివర పెట్టే పెద్ద పరీక్షలు), యాప్‌లో మార్కుల నమోదు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. వాళ్ల నాన్న మా వైపు చాలామంది మత్స్యకారుల్లాగే గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేస్తాడు. ఆయన బయలుదేరిన వారంలోనే పదో తరగతి ఎఫ్‌ఏ-1 వచ్చింది. ఇంట్లో తల్లికి జ్వరం. బహుపదుల (పాలినామియల్స్) మీద పెట్టిన పరీక్షలో వాడికి 20కి 4 వచ్చాయి.

దసరా సెలవుల తర్వాత వాడు పట్టుబట్టి కూర్చున్నాడు. బడి వదిలాక రోజూ గంటసేపు నా దగ్గరే. బహుపది విలువను సున్నా చేసే సంఖ్యల, అంటే శూన్యాల, మొత్తం దగ్గర మైనస్ గుర్తు మరిచిపోవడం వాడి అసలు ఇబ్బంది. అది సరిచేసుకున్నాడు. కార్తీకమాసం అయ్యేసరికి పక్కవాళ్లకి కూడా చెబుతున్నాడు. అదే స్థాయి పేపరు మళ్లీ ఇస్తే 17 తెచ్చుకున్నాడు. ఆ 17 నమోదు చేద్దామని యాప్ తెరిస్తే గడువు ముగిసిందని వచ్చింది.

"మాస్టారండీ, నాకిప్పుడు వచ్చు కదా, ఇంకా నాలుగేనా?" అన్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు సమాధానం దొరకని ప్రశ్న అదొక్కటే.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ నాలుగుతోనే వాడు 'సి' గ్రూపులో, అంటే మార్కులు తక్కువొచ్చినవాళ్ల గ్రూపులో పడ్డాడు. ఆ జాబితా గోడకెక్కింది. సమీక్షా సమావేశంలో 'సి' గ్రూపు ఎక్కువున్న బడుల హెడ్మాస్టర్లను లేపి నిలబెట్టారు. మా హెడ్మాస్టరు తిరిగొచ్చి మమ్మల్ని నిలబెట్టారు. మేం పిల్లల్ని నిలబెట్టాం. నేనూ నిలబెట్టాను, అది తప్పని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. పరీక్ష అంటే వాడికి కడుపునొప్పి మొదలైంది. పబ్లిక్ పాసయ్యాడు గానీ, ఏడాది పొడవునా వాడు మోసిన టెన్షన్‌కి జవాబుదారీ ఎవరండీ?

ఉద్యోగుల్ని ఒకరితో ఒకరిని పోల్చి వరసలు కట్టే పద్ధతిని మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీయే 2013లో వదిలేసింది. జీతం తీసుకునే పెద్దవాళ్లకే అది పనికిరాదనుకున్నప్పుడు పదిహేనేళ్ల పిల్లలకి ఎలా పనికొస్తుంది? సమీక్షలో మీ అధికారులు "ఎంతమంది ఫెయిల్?" అని కాకుండా "జులైలో రానిది ఇప్పుడు ఎంతమందికి వచ్చింది?" అని అడిగితే చాలు, కింద అందరి నడక మారుతుంది. పైవాళ్లు అడిగే ప్రశ్న తరగతి గది దాకా దిగుతుంది సార్.

పేర్లు మార్చి ప్రయోజనం లేదు. 2012లో పదో తరగతిలో మార్కులు తీసి గ్రేడ్లు పెట్టారు. ప్రైవేటు బడుల హోర్డింగుల మీదకి పదికి పది గ్రేడు పాయింట్లు ఎక్కాయి. 2022లో మళ్లీ మార్కులొచ్చాయి. పిల్లల భయం ఎప్పుడూ తగ్గలేదు. రానివాడికి ఇంకొంత టైమిచ్చి మళ్లీ పరీక్షించాలని అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1968లోనే చెప్పాడు. మనస్తత్వ పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన పరిశోధనలో, మార్కు వేయకుండా ఎక్కడ సరిచేసుకోవాలో మాత్రమే రాసిచ్చిన పిల్లలు మెరుగుపడ్డారు. దాని పక్కన మార్కు కూడా వేస్తే ఆ మేలు కనబడలేదు. నేను చూసిందీ అదే. కాగితం మీద మార్కుంటే పిల్లలు దాన్నే చూసి మడిచేస్తారు. "ఇక్కడ గుర్తు చూసుకో" అని మాత్రమే రాస్తే లెక్క మళ్లీ చేస్తారు.

పిల్లల్లో భయం, ఆందోళన లేకుండా చూడాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్లో ఉంది. ఆ చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. తొమ్మిదిలోకి వచ్చిన పిల్లలు పిల్లలు కారా?

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. నేర్చుకున్నాక మళ్లీ రాసి పాత మార్కు మార్చుకునే వీలు ఎఫ్‌ఏలకు ఇవ్వండి, యాప్‌లో ఆ గడువు తీసేయండి. గ్రూపుల జాబితాలు గోడల మీద నుంచి తీయించండి. సీబీఎస్ఈ 2026 నుంచి పదో తరగతికి ఏడాదిలో రెండు బోర్డు పరీక్షలు తెచ్చింది, మన పిల్లలకీ రెండో అవకాశం ఆలోచించండి. కానీ ముందు ఆ గడువు సంగతి చూడండి. దయచేసి చూడండి.

సాయంత్రం మా ఇంటి అరుగు మీద ఇప్పటికీ తొమ్మిదిమంది పిల్లలు కూర్చుంటారు. వాళ్లలో ఇద్దరికి ఈ ఏడాది ఎఫ్‌ఏ-1లో ఐదు దాటలేదు. ఇప్పుడు ఆ లెక్కలన్నీ చేస్తున్నారు. మీరు ఉత్తర్వు ఇస్తే ఈ ఏడాదే వాళ్ల మార్కు మారుతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
శ్రీకాకుళం జిల్లా