లిథియం వాడేవారికి మెట్లదారి జాగ్రత్తలు చెప్పాలి

సంపాదకుల వారికి,

అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి కొండకు వెళ్లే భక్తుల్లో బైపోలార్ జబ్బుకు (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే మానసిక జబ్బు) లిథియం అనే మందు వాడేవాళ్లూ ఉంటారు. ఎండ, చెమట, ఉపవాసం, ఆపైన కాళ్లనొప్పులకు డైక్లోఫెనాక్ బిళ్ల. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పంపకుండా వెనక్కి పీల్చుకుంటాయి. ఆ నొప్పి బిళ్ల దాన్ని ఇంకా పెంచుతుంది. మోతాదు మారకుండానే మందు విషమవుతుంది.

వేళ్లు సన్నగా వణకడం ఈ మందుతో మామూలే. టీ గ్లాసు పట్టుకుంటే తొణికేంత వణుకు, మాట ముద్దగా రావడం, నడక తూలడం మాత్రం మామూలు కాదు. అప్పుడు తర్వాతి మోతాదు వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వాంతులు, విరేచనాలైనా అంతే. నొప్పికి పారాసిటమాల్ మేలు. చప్పిడి తిండి పనికిరాదు.

రక్తంలో లిథియం ఎంతుందో చూసే పరీక్షలోనూ పొరపాట్లు జరుగుతాయి. చివరి మోతాదు వేసుకున్న 12 గంటలకు రక్తం తీయాలి. పొద్దున బిళ్ల మింగి వస్తే అంకె తప్పుగా ఎక్కువొస్తుంది. రక్తం గడ్డకట్టకుండా వేసే లిథియం హెపారిన్ ఉన్న ట్యూబులో తీసినా అంతే, ఆ లిథియమే లెక్కలోకి వస్తుంది! సాధారణంగా లిథియం లీటరు రక్తద్రవానికి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి, 1.5 దాటితే ప్రమాదం.

ఇవన్నీ అడిగి, రాసి, చెప్పడానికి రద్దీ ఓపీలో డాక్టరుకు తీరిక దొరకదు. తిరుపతి, చిత్తూరు ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక వైద్యంలో శిక్షణ పొందిన నర్సుకు ఈ పని ప్రత్యేకంగా అప్పగించాలని అధికారులను కోరుతున్నాం.

– మానసిక ఆరోగ్య నర్సులు, తిరుపతి