చిక్కడపల్లి సందుల వేసిన ఈల

హైదరాబాద్

ఒరేయ్ శీనూ,

నువ్వు వైజాగ్ నుంచి పంపిన వీడియో పది సార్లు చూసిన. పడవ పక్కన రెండు వీపులు లేచినయి, బుస్సుమని ఊపిరి వదిలినయి, మునిగినయి. నువ్వేమో కింద "షార్క్ రా!" అని రాసినవ్. షార్క్ తోక పక్కలకు ఆడుతది, డాల్ఫిన్ తోక పైకీ కిందికీ. ట్యాంక్‌బండ్ మీద మక్కకంకి తినేటోడు సముద్రం పక్కనున్నోనికి చెప్పాల్సొచ్చె! ఫోన్‌ల చెప్తే సగం వినవని ఉత్తరం రాస్తున్న.

రెక్క వెనక్కి వంగింది, మూతి పొట్టిగ సీసా మెడలెక్క ఉన్నది గదా, బాటిల్‌నోజ్ అనే డాల్ఫిన్ రకం అనుకుంటున్న. మన తీరం పొంటి తిరిగే రకానికి పెద్దైనంక పొట్ట మీద మచ్చలొస్తయి. నిద్రల గూడ సగం మెదడే పడుకుంటది, ఊపిరికి పైకి రావాలె గదా. మా ఆఫీసు మీటింగుల నాదీ అదే పద్ధతి.

నాకు మస్తు నచ్చింది ఆస్ట్రేలియా షార్క్ బే ముచ్చట. (పేరు చూసి మళ్ల భయపడకు.) అక్కడ కొన్ని డాల్ఫిన్లు అడుగున పెరిగే స్పాంజిని పీకి మూతికి తొడుక్కుంటయి. దాంతోని ఇసుక కెలికి, దాక్కున్న చేపను లేపుతయి. మూతి గీసుకపోదు. మా అమ్మ మసిగుడ్డతోని వేడి గిన్నె దించినట్టే. ఈ విద్య తల్లి దగ్గర్నే నేర్చుకుంటయి, అందులో ఆడపిల్లలే ఎక్కువ. బ్రెజిల్ల లగూనా దగ్గరైతే చేపల గుంపును ఒడ్డుకు తరుముకొస్తయి. నీళ్లల్ల వలలు పట్టుకొని నిలబడ్డ జాలర్లు వాటి కదలిక చూసి వల విసురుతరు.

మరీ మంచివనుకునేవు! వాటి మొహంల కనిపించే ఆ నవ్వు ఉత్త దవడ ఆకారమే. స్కాట్లాండ్ దిక్కు పోర్పాయిస్‌లను, అంటే డాల్ఫిన్‌లెక్కనే ఉండే చిన్న సముద్ర జంతువులను, గుద్ది గుద్ది చంపుతయి.

అసలు సంగతి ఇది. ఒక్కో డాల్ఫిన్‌కు ఒక్కో సొంత ఈల. పుట్టిన మొదటేడాదిలనే తయారు చేసుకుంటది, మన పేరులెక్క. 2013ల ఒకాయన పెంపకం డాల్ఫిన్లకు పాత జతగాళ్ల ఈలలు వినిపించిండు. ఇరవై ఏండ్లకు పైగా విడిపోయినా గుర్తుపట్టినయి! అది చదవంగనే సందుల నిలబడి రెండు పొట్టి, ఒక పొడుగు వేసే నీ ఈల యాదికొచ్చింది. మా నాయిన "వచ్చిండు నీ దోస్తు" అని పేపర్ కూడా దించకుండ అనేటోడు.

దసరాకు వస్తున్నవ్ గదా, కిందనే నిలబడి ఈల వెయ్యి. కొత్త వాచ్‌మన్ కర్ర పట్టుకొని ఉరికొస్తడు, నేను బాల్కనీలకొచ్చేదాక జర ఆగు.

నీ
రవి