టోపీ ఊడినంత మాత్రాన గోలీ నకిలీది కాదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న పక్కింటి ఆంటీ పారాసిటమాల్ స్ట్రిప్ తెచ్చి "ఇది డూప్లికేట్ కదా బాబూ" అన్నది, చూస్తే గోలీ పైభాగం టోపీలా ఊడొచ్చింది. నేను జీడిమెట్లలో పన్నెండేళ్లు, పౌడర్‌ను గోలీలుగా నొక్కే కంప్రెషన్ మిషన్ మీద చేసిన, దీన్ని మేం క్యాపింగ్ అంటం. డైలో, అంటే గోలీ అచ్చులో, పౌడర్ పడ్డాక పైనా కిందా పంచ్‌లనే నొక్కుడు కడ్డీలు టన్ను, రెండు టన్నుల బలంతో నొక్కుతయి, అదీ రెప్పపాటు కూడా ఉండదు, ఆ కాస్త టైంలోనే లోపలి గాలి బయటికి పోవాలి, రేణువులు నలిగి ఒకదానికొకటి పట్టుకోవాలి. పారాసిటమాల్ మహా మొండిది సార్, నొక్కినప్పుడు అణిగి వదలగానే స్ప్రింగులా లేస్తది, డైలోంచి బయటికొచ్చేటప్పుడు అక్కడే పగులుతది. గట్టిగా నొక్కితే పోతదనుకుంటరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువైతది! స్పీడు తగ్గించి, ముందు మెల్లగా ఒకసారి నొక్కి తర్వాత అసలు దెబ్బ వెయ్యాలి. మెగ్నీషియం స్టియరేట్ అని జారుడు కోసం కలిపే పొడి కూడా అంతే, వెయ్యకపోతే గోలీ డైకి పట్టేస్తది, ఎక్కువసేపు కలిపితే రేణువులకు పూతలా పట్టి అతకనియ్యదు.

అలాగని ఊరుకోమనట్లేదు, అది తయారీ లోపమే. మీ హెల్త్ పేజీలో ఇలాంటివి కూడా కొంచెం రాయండి, బ్యాచ్ నంబర్ చూసి షాపులో వాపస్ ఇవ్వమని కూడా చెప్పండి.

ఇట్లు,
ఒక పాత మిషన్ ఆపరేటర్, హైదరాబాద్