క్రీడాకారులకు కుర్చీతో పాటు పనీ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

జాతీయ క్రీడా పాలన చట్టం-2025 ప్రకారం ప్రతి జాతీయ క్రీడా సమాఖ్య కార్యవర్గంలో విశిష్ట ప్రతిభ గల క్రీడాకారులు కనీసం ఇద్దరు ఉండాలి. మంచి నిబంధన. వాళ్లకు ఏ పని అప్పగిస్తారన్నదే ఇక అసలు విషయం. ఇంగ్లండ్ గోల్ఫర్ మైఖేల్ బోనలాక్ (1934–2023) జీవితాన్ని మన సంఘాల పెద్దలు ఒకసారి చూడాలి.

ఆయన చివరిదాకా అమెచ్యూర్‌గానే, అంటే ఆటను వృత్తిగా చేసుకోకుండానే ఆడారు. బ్రిటిష్ అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్ ఐదుసార్లు గెలిచారు, 1968 నుంచి వరుసగా మూడేళ్లు. 1968లోనే గ్యాంటన్‌లో జరిగిన ఇంగ్లిష్ అమెచ్యూర్ ఫైనల్లో ఉదయం రౌండ్ (18 హోల్స్, అంటే 18 గుంతల్లోకి బంతిని చేర్చడం) 61 స్ట్రోకుల్లో, అంటే 61 దెబ్బల్లో పూర్తిచేశారు. 36 హోల్స్ మ్యాచ్ 25వ హోల్‌తోనే ముగిసింది: అప్పటికే ఆయనకు 12 హోల్స్ ఆధిక్యం, ఆడాల్సినవి 11 మాత్రమే. 1971లో సెయింట్ ఆండ్రూస్‌లో ఆయన కెప్టెన్‌గా బ్రిటన్-ఐర్లండ్ జట్టు అమెరికాను 13–11తో ఓడించి, 1938 తర్వాత మళ్లీ వాకర్ కప్ (ఈ రెండు జట్ల అమెచ్యూర్లు పోటీపడే టోర్నీ) అందుకుంది.

ఇంత పేరున్నా నేరుగా పెద్ద పదవిలో కూర్చోలేదు. ముందు గోల్ఫ్ సంస్థల్లో బాధ్యతలు మోశారు. ఆ తర్వాతే 1983లో రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్ సెక్రటరీ అయ్యారు. అమెరికా, మెక్సికో మినహా ప్రపంచమంతటికీ అప్పట్లో గోల్ఫ్ రూల్స్ చూసింది ఆ క్లబ్బే. అక్కడ క్లబ్ కెప్టెన్‌ది ఏడాది గౌరవ పదవి. రూల్స్, ఓపెన్ ఛాంపియన్‌షిప్ అనే పెద్ద టోర్నీ నిర్వహణ భారమంతా కమిటీలది, పూర్తికాలం జీతానికి పనిచేసే సెక్రటరీది. ఆ ఉద్యోగం 1999 దాకా చేసి, దిగిపోయాకే ఆయన కెప్టెన్ అయ్యారు.

ఆ పని ఎలాంటిదో చూడండి. గోల్ఫ్‌లో బంతి ఆడలేని చోట పడితే రూల్స్ ప్రకారం దాన్ని తీసి మరోచోట చేత్తో వదలాలి. బంతిని భుజం మీదుగా వెనక్కి వదిలే పాత పద్ధతిలో అది ఎక్కడ పడిందో ఆటగాడికే కనపడేది కాదు. 1984 రూల్స్‌తో చెయ్యి చాచి భుజం ఎత్తు నుంచి వదలడం మొదలైంది. అప్పటికి బంతులూ రెండు రకాలు: అమెరికాలో 1.68 అంగుళాలది, బ్రిటన్‌లో 1.62 అంగుళాలది. బరువు పరిమితి ఒకటే కాబట్టి చిన్న బంతి ఎదురుగాలిని చీల్చుకుని దూరం పోయేది. దానికి అలవాటుపడ్డ చేయి పెద్ద బంతి దగ్గర తడబడేది. 1990 నుంచి అన్నిచోట్లా పెద్ద బంతే చెల్లుతోంది. ఇలాంటి మార్పులు ఊరికే జరగవు. ఆట తెలిసినవాళ్లు రోజూ ఆఫీసులో కూర్చుని, తయారీదార్లతో, ఇతర దేశాల సంఘాలతో మాట్లాడి ఒప్పించాలి. మూడు నెలలకోసారి మీటింగ్‌కొచ్చి సంతకం పెట్టి వెళ్లేవాళ్ల వల్ల అయ్యేది కాదు.

మన సమాఖ్యలు, రాష్ట్ర సంఘాలు నియమావళి తిరగరాసేటప్పుడు అధ్యక్ష పదవినీ రోజువారీ నిర్వహణనీ విడదీయాలి. సెక్రటరీ ఉద్యోగాన్ని బహిరంగ ప్రకటనతో, జీతంతో, గడువుతో భర్తీ చేయాలి. రిటైరైన ఆటగాళ్లను ముందు రూల్స్, సెలక్షన్, టోర్నమెంటు కమిటీల్లో వేసి కొన్నేళ్లు పని నేర్చుకోనివ్వాలి. ఆ కమిటీల నిర్ణయాలను కారణాలతో సహా వెబ్‌సైట్‌లో పెట్టాలి. కేంద్ర క్రీడాశాఖ, రెండు తెలుగు రాష్ట్రాల క్రీడా ప్రాధికార సంస్థలు సంఘాలకిచ్చే గుర్తింపునూ నిధులనూ దీనితో ముడిపెట్టాలని కోరుతున్నాను.

– గోల్ఫ్ అభిమాని, విశాఖపట్నం